నాన్నగారి రివాల్వరు

భీమవరం
12 జనవరి 1983

సుబ్బాయమ్మ గారికి,

నాన్నగారు పోయిన సంగతి టెలిగ్రాంలో చూసే ఉంటారు. కర్మకాండలు లోటు లేకుండా జరిపించాను. వీలునామాలో తాతగారి నాటి రివాల్వరు మీ పేర రాశారు. ఘోషా ఇంటి ఆడపడుచుకి తుపాకీ! విన్నవాళ్ళంతా నవ్వారు.

దాన్ని రాజమండ్రి తుపాకీల కొట్టులో డిపాజిట్టు చేశాను. అది పేలదు. బాగుచేయడం దండగ, విడగొట్టేద్దామంటున్నాడు కొట్టు యజమాని రహమతుల్లా. దంతపు పిడికి ఒకరు, గొట్టానికి ఒకరు సిద్ధంగా ఉన్నారట. ఈ కాగితం మీద సంతకం చేసి పంపండి. మీరక్కడ చేసే పని మాత్రం అందులో రాయకండి.

ఇట్లు,
వెంకటరాజు

ఉమ్ అల్ క్వైన్
9 ఫిబ్రవరి 1983

ప్రియమైన తమ్ముడు వెంకటరాజుకి అక్క ఆశీస్సులు.

అక్కయ్య అనే మాట రాయడానికి సిరా చాల్లేదా నాయనా?

నా పని రాయొద్దన్నావు. నీకైతే రాస్తాను, విను. మీ బావగారు పోయాక ఒకరి పంచన పడుండలేక వచ్చాను. ఇక్కడ ఇంటిల్లిపాదికీ వండుతాను. నా చేతి రొయ్యల ఇగురు కోసం కఫీలు, అంటే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, తన తోడల్లుళ్ళని కూడా వెంటేసుకొస్తాడు. గరిటె పట్టినందుకు నాకు సిగ్గు లేదు సరికదా, గర్వంగా ఉంది.

వీళ్ళ సావిడి గోడకి ఒక పాత తుపాకీ ఉంది. తుప్పు పట్టింది. "ఖలాస్ కదా, పారేయరేం?" అని ఈ ఇంటి ముసలమ్మగారిని అడిగితే ఇంతెత్తున లేచింది. "ఖలాస్ అని సామానుని అను, మా మామగారిని అనకు" అంది. ఆనాటినుంచి నేనే దాన్ని నూనెగుడ్డతో తుడుస్తున్నాను.

సంతకం చేయను. బాగుచేయించు. ఒక్క మర కూడా ఊడదీయనివ్వకు.

మీ అక్క,
సుబ్బాయమ్మ

భీమవరం
3 మార్చి 1983

సుబ్బాయమ్మ గారికి,

బాగుచేయిస్తే మీ పేరనే లైసెన్సు కావాలి. అందుకు ఏలూరు కలెక్టరు కచేరీకి వెళ్ళాలి. వారసురాలు ఏం చేస్తుందని అడుగుతారు. పదిమందిలో ఆ మాట నా నోటితో చెప్పలేను. నాన్నగారు మతి తప్పి రాశారు.

మీరు విమానం ఎక్కడానికి బయల్దేరిన రోజునుంచే అది పేలడం మానేసింది. ఇంటి పరువుతోపాటే దాని ప్రాణమూ పోయింది.

వెంకటరాజు

ఉమ్ అల్ క్వైన్
28 మార్చి 1983

ప్రియమైన తమ్ముడికి,

చెప్పకూడదనుకున్నాను. నాన్నగారిని మతి తప్పిన మనిషన్నావు కాబట్టి చెబుతున్నాను.

ఆ రోజు నన్ను తీసుకెళ్ళడానికి ఏజెంటు అబ్బులు వచ్చాడు. నువ్వు వీధి గుమ్మంలో అతనికి గురిపెట్టి మీట నొక్కావు. పేలలేదు. నీ కోపం నాన్నగారికి తెలియనిదా? ముందురోజే లోపలి స్ప్రింగు తీసి కాలవలో పడేశారు. రైలెక్కిస్తూ నాతో అన్నారు: "ఎవర్నీ వేలు పెట్టనివ్వని తుపాకీ, నేనే పాడుచేశానమ్మా. వాడు జైలుకి పోకూడదు, నువ్వు ఆగిపోకూడదు. వెళ్ళిరా."

నీ కాగితం మీద సంతకం చేసి ఇందులో పెట్టాను. విడగొడతావో, బాగుచేయిస్తావో, ఇక నీ ఇష్టం.

అక్క

భీమవరం
20 ఏప్రిల్ 1983

ప్రియమైన అక్కయ్య గారికి నమస్కరించి వెంకటరాజు రాయునది.

మీ ఉత్తరం చదివాను. ఆ వీధి గుమ్మం దాటినప్పుడల్లా అబ్బులే కనిపిస్తున్నాడు. రహమతుల్లా కొత్త స్ప్రింగు వేశాడు. రివాల్వరు ఏ ముక్కకి ఆ ముక్క కాకుండా నిలిచింది.

నిన్న ఏలూరు వెళ్ళాను. నా వెనకాల మన ఉండి ఊరి రాజులే నలుగురు నిలబడి ఉన్నారు. గుమస్తా కళ్ళజోడు పైకి తోసి, "ఆవిడ ఏం చేస్తారు?" అన్నాడు.

"దుబాయ్ పక్క ఊళ్ళో వంట చేస్తారండి" అన్నాను, వెనకాలవాళ్ళకి కూడా వినబడేలా.

"వంటావిడకి రివాల్వరెందుకండి?"

"మా నాన్నగారు ఇచ్చారండి. ఆయన తరవాత మా ఇంటికి ఆవిడే పెద్ద."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా నాకు పట్టేది కాదు.

లైసెన్సు తీసుకోవడానికి మీరే స్వయంగా రావాలట. సెలవు దొరకగానే రండి. కచేరీలోకి మీరు ముందు నడవండి. నేను మీ వెనకాల వస్తాను.

మీ తమ్ముడు,
వెంకటరాజు