గడ్డం దించమన్నది ఒక్క మనిషికే

డెబ్బై ఎనిమిదేళ్ల వయస్సు గల నేను, ఒకరి బలవంతమూ ఒకరి బుజ్జగింపూ లేకుండా, మతి స్థిమితంగా ఉండగానే, నా ఇష్టపూర్వకంగా రాయించి ఇస్తున్న వీలునామా ఏమనగా:

"సంపూర్ణ ఆరోగ్యంతో" అనే మాట లాయరుగారు అలవాటు కొద్దీ రాశారు. కొట్టేయించాను. నా కుడి మోకాలు వంగదు, ఎడమ చెవి పనిచేయదు, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాను. ఒంట్లో ఎక్కడేం జరుగుతోందో కనిపెట్టడం యాభై ఏళ్లుగా జనానికి నేర్పుతున్న దాన్ని, నా ఒంటి గురించే దస్తావేజులో అబద్ధం రాయించుకోను. నేను అబద్ధం రాసిన కాగితాలు కొన్ని ఇప్పటికే లోకంలో తిరుగుతున్నాయి. వాటిని సరిచేయడానికే ముఖ్యంగా ఈ వీలునామా.

ఇంతకు ముందు రాసిన రెండు వీలునామాలూ రద్దు. రెండూ కోపంలో రాసినవి. ఇదీ కోపంలోనే రాయిస్తున్నాను. నాలుగోది మాత్రం ఉండదు, ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత లాయరుగారిది. ఆయన నా పాఠానికి మూడు నెలలు వచ్చి మానేశారు. ఇప్పుడు కూడా కుర్చీ అంచున, పిలిస్తే లేచి పరిగెత్తేవాడిలా కూర్చున్నారు. "ఇలాంటివన్నీ వీలునామాలో రాయరమ్మా" అని ఇప్పటికి నాలుగుసార్లు అన్నారు. రాయమని చెప్పాను, రాస్తున్నారు.

2. నాకున్న స్థిరాస్తి ఒక్కటే. మా నాన్న దర్జీ దుకాణం నడిపిన ఇంటి పై అంతస్తులోని హాలు. పొడవు నలభై అడుగులు, వెడల్పు ఇరవై రెండు, చెక్క నేల, వీధి వైపు మూడు కిటికీలు. కింది దుకాణం ఎప్పుడో అమ్మేశాం, ఇప్పుడు అక్కడ కళ్లద్దాలు అమ్ముతున్నారు. ఈ హాలు తనకివ్వమని నా పెద్ద శిష్యుడు ఏడాదిగా ఉత్తరాలు రాస్తున్నాడు. "శరీర స్పృహ విద్య పుట్టిన చోటు" అని ఇత్తడి పలక పెట్టిస్తాడట. నా పాదాల అచ్చు తీసి గాజుపెట్టెలో ఉంచుతాడట. నా పాదాలు ప్రస్తుతం వాడకంలో ఉన్నాయని జవాబు రాశాను. హాలు ఎవరికో ఆరో అంశంలో చెబుతాను.

3. మా నాన్న కొలతల పుస్తకాలు, మొత్తం పదకొండు, పక్క వీధిలో బట్టలు కుట్టే ఆవిడకు. పాఠానికి నేను వేసుకునే వదులు బట్టలన్నీ ఆవిడ చేతివే, ఒక్కటీ బిగుతు కాలేదు.

ఆ పుస్తకాల్లో మనిషికో పేజీ ఉంటుంది. ఛాతీ, నడుము, చేతి పొడవు, ఆ కింద మూలన చిన్న అక్షరాలతో "ఎడమ భుజం అరంగుళం దిగువ", "వీపు వంకర, చెప్పరాదు". ఎందుకు చెప్పకూడదు నాన్నా అని అడిగితే, "చెబితే బాధపడతారమ్మా. మనం కుట్టులో సర్దేద్దాం" అనేవాడు. లోపల దూది కుక్కి భుజాలు సమం చేసేవాడు. మా నాన్న కుట్టిన కోటు తొడుక్కున్నవాళ్లంతా నిటారుగా కనిపించేవారు, ఇంటికెళ్లి విప్పితే ఎవరి వంకర వాళ్లదే.

ఇరవై ఆరో ఏట, నాన్న దుకాణంలో కుట్టుమిషను మీద వంగి వంగి నా మెడ పట్టేసింది. డాక్టరు పట్టీ కట్టాడు. తీస్తే మళ్లీ అంతే. మూడు నెలల పాటు, మధ్యాహ్నం దుకాణం మూసిన గంటసేపు నేల మీద వెల్లకిలా పడుకుని, ఏ భుజం నేలకు ఆనుతోంది, ఏది ఆనడం లేదు అని చూసుకున్నాను. ఎక్కడ బిగబట్టానో తెలిసింది. తెలిశాక వదలడం చేతనైంది. మెడ తిరిగింది. అదే పై హాల్లో నలుగురికీ నేర్పడం మొదలుపెట్టాను. అప్పటికి మా చుట్టుపక్కల ఇలాంటి పని ఎవరూ చేయలేదు. "జనాన్ని నేల మీద పొర్లించే ఆవిడ" అని నన్ను వెక్కిరించారు. పదేళ్ల తర్వాత ఆ నోళ్లే "అమ్మగారూ" అంటూ వరుసలో నిలబడ్డాయి. నేను మర్చిపోలేదు, ఎవరెవరన్నారో ఇప్పటికీ చెప్పగలను.

4. నా బూడిద రంగు దుప్పటి, గుండ్రటి దిండు, ఆదివారం పాఠానికి వచ్చే బస్సు డ్రైవరుకు. పద్నాలుగేళ్లుగా వస్తున్నాడు. పడుకున్న ఐదు నిమిషాలకు గురక. మొదట్లో పక్కవాళ్లు గోల పెట్టారు. స్టీరింగు పట్టుకున్న ఆ వేళ్లు ఇంట్లో నిద్రలో కూడా ముడుచుకునే ఉంటాయనీ, నా హాల్లోనే తెరుచుకుంటాయనీ ఒకసారి అతని భార్య చెప్పింది. అప్పటి నుంచి అతని గురక మొదలవగానే నేను గొంతు తగ్గిస్తున్నాను. దుప్పటి ఉతికి ఇవ్వాలి.

5. పెద్ద శిష్యుడికి ఏమీ లేదు. కారణం రాయకపోతే కోర్టుకెక్కుతాడు కనుక రాయిస్తున్నాను.

అతను పాఠానికి వచ్చి ముప్పై ఐదేళ్లయింది. మొదటి రోజు ఛాతీ విరుచుకుని, ముక్కు ఫ్యాను వైపు పెట్టి నిలబడ్డాడు. "బాబూ, గడ్డం కాస్త దించు" అన్నాను. ఆ మాట ఆ రోజు, ఆ మెడ కోసం, ఆ ఒక్క మనిషికే చెప్పాను. అతని పక్కన ఒక టైపిస్టు నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. ఆమెతో "నువ్వు ఎత్తమ్మా" అన్నాను. తనకు చెప్పింది మాత్రమే అతని చెవికెక్కింది. పదకొండేళ్లు ముందు వరుసలో కూర్చుని, వెళ్లి సొంత సంస్థ పెట్టాడు. ఇప్పుడు ముప్పై ఒక్క శాఖలు. ప్రతి శాఖలో గోడ మీద అడుగెత్తు అక్షరాలు: "మొదటి సూత్రం: గడ్డం దించు." కింద నా ఫొటో. ఆ ఫొటోలో నా గడ్డం పైకే ఉంది, ఎందుకంటే ఫొటోగ్రాఫరు నిచ్చెనెక్కి తీశాడు. ముప్పై ఒక్క శాఖల్లో ఒక్కరికీ ఇది కనపడలేదు.

ఆ సంస్థలో చదువుకున్నవాళ్లు మెడలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. ఒక సంగీతం టీచరు నాలుగేళ్లు గడ్డం దించి దించి గొంతు పోగొట్టుకుంది. ఆమె తల ఎత్తించడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఇదేమిటయ్యా అని ఫోనులో అడిగితే, "మీ మాటే కదమ్మా! నేనొక్క అక్షరం కూడా మార్చలేదు" అన్నాడు. నిజమే, మార్చలేదు. అదే నా కడుపు మంట.

ఒక ఒంటికి పనికొచ్చిన మాటను ఇంకో ఒంటికి తగిలించేవాడు గురువు కాడని ఇరవై నాలుగేళ్లుగా అతన్ని సభల్లో కడిగేస్తున్నాను. నిన్న ఈ అంశం రాయిస్తూ ఆ వాక్యమే మళ్లీ చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. లాయరుగారు కంగారుపడి మంచినీళ్లు తెచ్చారు. అతను ఆ పని నేర్చుకున్నది నా దగ్గరే. నేను చేస్తుండగా ముందు వరుసలో కూర్చుని చూశాడు.

6. హాలు మా చెల్లెలికి.

చెల్లెలు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. ముప్పై ఒకటో ఏట తుంటి నొప్పి అంది. నా మెడ నేల మీద పడుకుంటే పోయింది కదా, దాని తుంటీ అలాగే పోతుందనుకున్నాను. "అది నొప్పి కాదే. నువ్వు బిగబట్టుకుంటున్నావ్, వదిలెయ్" అన్నాను. నాలుగేళ్లు అదే పాట పాడాను. డాక్టరు దగ్గరికి వెళతానంటే అలిగాను. ఒక రోజు పాఠంలో, నలభై మంది ఎదుట, చెల్లెలు చేతికర్ర పక్కన పెట్టి పన్నెండు అడుగులు వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు, అప్పుడే కొత్తగా చేరిన పెద్ద శిష్యుడు. మర్నాడు అది మంచం దిగలేదు. తుంటి కీలు అరిగి ఎముక కుంగిపోయిందని ఎముకల డాక్టరు చెప్పాడు. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. "అశ్రద్ధ చేశానండీ" అంది. నా పేరెత్తలేదు. ఆపరేషన్ తర్వాత ఆ కాలు అంగుళమున్నర పొట్టిదైంది.

ఇది తెలిసి కూడా ఆ పన్నెండు అడుగులను నా పుస్తకంలో మూడో అధ్యాయం చేశాను. నాకు పేరొచ్చింది ఆ అధ్యాయంతోనే. పుస్తకం రాగానే ఒక కాపీ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. బల్ల దగ్గర కూర్చుని చదివింది. మెచ్చుకుంటుందని టీ తాగుతూ ఎదురు చూశాను. "ఈ పేజీలు తీసెయ్ అక్కా. నాకేం తగ్గలేదు. అంతమందిలో నీ పరువు పోతుందని, పంటి బిగువున, నీ మొహం చూసి నడిచాను" అంది. చూద్దాంలే అన్నాను. పుస్తకం ఆరుసార్లు అచ్చయింది. ప్రతిసారీ దిద్దుబాట్లేమైనా ఉన్నాయా అని అడిగారు. కామాలు దిద్ది పంపాను. చెల్లెలు నాతో మాట్లాడి ముప్పై మూడేళ్లయింది.

కావున హాలు సర్వహక్కులతో ఆమెకు చెందాలి. అద్దెకిచ్చుకోవచ్చు, తాళం వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. పెద్ద శిష్యుడికి అమ్మినా నాకు అభ్యంతరం లేదు. ఈ చివరి వాక్యం రాయించడానికి ఒక పూట పట్టింది.

7. మూడో అధ్యాయం ఇకపై అచ్చు వేయరాదు. నా మరణానంతరం నెల లోపల నా శిష్యులందరినీ హాల్లో కూర్చోబెట్టి ఈ కింది ప్రకటన చదివి వినిపించాలి. ఎవర్నీ పడుకోబెట్టొద్దు, కళ్లు మూసుకోమనొద్దు. మా చెల్లెలు ముందు వరుసలో ఉండాలి.

"నా చెల్లెలికి నయం కాలేదు. నొప్పి అని నాలుగేళ్లు చెప్పింది. అది నొప్పే. నేను వినలేదు. పుస్తకంలో రాసింది అబద్ధం."

దిద్దుబాటు: ఏడో అంశం చదివి వినిపించాక లాయరుగారు కలం కింద పెట్టారు. "హాలు పైన కదమ్మా. పద్దెనిమిది మెట్లు. ఆవిడెలా ఎక్కుతారు?" అని అడిగారు.

నాకు తట్టనే లేదు. గుమ్మంలో అడుగు పెట్టిన మనిషి నడక చూసి నొప్పి ఎక్కడో చెబుతానని నాకు పేరు. ఆ కాలుతో దాన్ని పద్దెనిమిది మెట్లెక్కి వచ్చి నా క్షమాపణ తీసుకోమన్నాను. లాయరుగారి ముందే ఏడ్చాను. ఆయన మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, నేను ఆపేదాకా ఆగారు.

కాబట్టి "నా మరణానంతరం నెల లోపల" అన్నదీ, "హాల్లో" అన్నదీ కొట్టివేయడమైనది. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు, కింద కళ్లద్దాల దుకాణం ముందు, వీధిలో కుర్చీలు వేయిస్తున్నాను. ప్రకటన నేనే చదువుతాను. చెల్లెలికి కబురు పంపాను, జవాబు రాలేదు. అది రాకపోతే అక్కడ చదివేసి, కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళతాను. తలుపు తీయకపోతే వాకిట్లో నిలబడి ఇరుగుపొరుగంతా వినేలా చదువుతాను.

తేదీ: నవంబరు 14, గురువారం

(సంతకం) దర్జీగారి పెద్దమ్మాయి
కొట్టివేతలు మూడు. మూడింటి పక్కనా నా చేవ్రాలు ఉంది.

సాక్షులు:
1. కింది కళ్లద్దాల దుకాణం యజమాని. ఆదివారం కుర్చీలు ఆయనవే.
2. ఎదురింటి రిటైర్డ్ నర్సు. మూడో అధ్యాయం చదివి, నమ్మి, తన మోకాలికి మందు మానేసిన మనిషి. సంతకం పెట్టే ముందు ఏడో అంశం రెండుసార్లు చదువుకుంది.