శ్రావ్య వాంగ్మూలం ఇచ్చిన రోజు

అక్కా,

నువ్వు పోయాక, కోర్టు నీ శ్రావ్యను నాకు అప్పగించేలోపు ఎనిమిది నెలలు ఇక్కడి కౌంటీ ప్రభుత్వంవాళ్లు దాన్ని ఫోస్టర్ కేర్ కింద పరాయి ఇంట్లో ఉంచారు. ఆ ఇంటాయన బెల్టుతో కొట్టేవాడు. నెలనెలా చూడటానికి వచ్చే కౌంటీ ఆవిడకు పిల్ల చెప్పుకున్నా ఆవిడ పట్టించుకోలేదు. అందుకే కౌంటీ మీద కేసు వేశాం.

ఇవాళ వాంగ్మూలం. పిల్లను ఏమడిగి ఏడిపిస్తారోనని పొద్దుటి నుంచీ నాకు ఒకటే భయం. కౌంటీ లాయరు అడగనే అడిగాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. మూడుసార్లు," అంది శ్రావ్య.

గెలుస్తామో లేదో మన లాయరుకే తెలియదట. నాకింకా భయంగానే ఉంది.

కారెక్కాక అడిగింది. "పిన్నీ, నేను చెప్పింది అంతా వాళ్లు టైప్ చేశారు కదా?"

"ప్రతి మాటా చేశారమ్మా."

సీటు వెనక్కి వాల్చుకుని, ఇల్లు చేరేదాకా నిద్రపోయింది.