దేవతకు పెట్టని సామలు

2024 సెప్టెంబరు 9, సోమవారం

ఫ్లోరెన్స్ మేడమ్ గారికి నమస్కారం.

ఈ రోజు పొద్దున్నే డప్పు మోగితే కొత్త సామల పండగ చాటింపు అనుకుని సంతోషంగా లేచాను. తీరా చూస్తే మా సోంబరు మామ చనిపోయాడు. చావు వల్ల పండగ వచ్చే నెలకు వాయిదా పడింది. దేవతకు పెట్టేదాకా మా ఊళ్లో ఎవరూ కొత్త సామ కంకి తుంచకూడదు.

బుధవారం మీరు అనుమతి ఇప్పించిన ల్యాబులో, మిషను మీద పచ్చి సామ గింజల వర్ణపటం తీయాలి. అది పంపితేనే ఆ విదేశీ మాస్టర్స్ కోర్సుకు నా ఎంపిక పూర్తవుతుంది. వర్ణపటం అన్న మాట నాకెంత ఇష్టమో మీకు తెలుసు. పండగ రోజు నిర్ణయించే దిసారి మా తాతే కాబట్టి ఆయన్నే బతిమాలాను.

"ఏటే గుంటా, దేవత తినకముందు నీ మిసను తింటాదా?" అన్నాడు.

"తినదు తాతా. వెలుగేసి సూత్తాది, అంతే."

"సూసినా ఎంగిలే," అని నవ్వాడు. ఆ తరువాత నవ్వలేదు.

దొంగచాటుగా నాలుగు కంకులు తుంచవచ్చు. కానీ అది బయటపడితే ఇక ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా తాతనే అంటారు. పక్క ఊళ్లలోనూ ఇదే కట్టుబాటు. పండగనాటికి గింజ ఎండిపోతుంది, గడువూ దాటిపోతుంది. వచ్చే ఏటి నుంచి స్కాలర్‌షిప్ ఉండదని కోర్సు వాళ్లు ముందే చెప్పారు.

ఫోనులో మీకు ఈ మాట చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. రేపు పొద్దున్నే టైడా ఊరి దాకా నడిచి, సిగ్నల్ అందగానే ల్యాబు వాళ్లకు రావడం లేదని చెబుతాను. అక్కడి నుంచి తిన్నగా చేనుకు పోవాలి. కొత్త గింజను పిట్టలు తినేస్తున్నాయి, తోలాలి.

మీ విద్యార్థిని