ఆ క్యాబు ఎవరిది?

బావగారికి,

ఫోన్లో అడిగితే మాట దాటేస్తారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈసారి నా కారు బీమా ప్రీమియం బాగా పెరిగింది. కంపెనీవాళ్లను అడిగితే, క్లెయిమ్ చేసుకున్నాను కాబట్టి నో క్లెయిమ్ బోనస్ పోయిందన్నారు. "కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఆగివున్న నా కారును క్యాబు వెనకనుంచి గుద్దితే నా తప్పేముందండీ?" అన్నాను. తప్పు ఎవరిదైనా, నా పాలసీ మీద బాగుచేయించుకుంటే బోనస్ ఉండదట. పోలీసులకు ఫిర్యాదు చేసి, క్యాబు బీమా నుంచి పరిహారం అడగాల్సిందట.

ఇన్నేళ్లుగా బీమా ఏజెంటుగా ఉన్న మీకు ఇది తెలియదా? "ఫిర్యాదు వద్దమ్మా, మన పాలసీలోనే చేయించేద్దాం, నీకేం నష్టం లేదు" అన్నది మీరే.

పొరపాటున అన్నారనుకున్నాను. కానీ నిన్న కూకట్‌పల్లిలో మీ ఇంటి మెట్ల దగ్గర ఆ క్యాబు డ్రైవరే ఎదురయ్యాడు.

"అక్కా, బండి మంచిగైందా? మా ఓనర్‌కు తాళంచెవి ఇయ్యనీకి వచ్చిన" అన్నాడు.

"ఓనర్ ఎవరు?" అంటే మీ తలుపు చూపించాడు. నేను లోపలికి రాలేక వెనక్కి వెళ్లిపోయాను.

పెరిగిన ప్రీమియం నేనే కట్టుకుంటాను. కానీ ఆ రోజు నేను సిగ్నల్ దగ్గర్నుంచే ఫోన్ చేసి, "బావగారూ, కారును గుద్దేశారు" అన్నాను. దెబ్బ తగిలిందా అని మీరు అడగలేదు. "క్యాబు నంబరు ఎవరికైనా చెప్పావా?" అన్నారు.

గుద్దింది క్యాబు అని నేనింకా చెప్పనే లేదు.

ఆదివారం వస్తాను. ఈలోగా అక్కయ్యకు మీరే చెప్పండి.

మీ మరదలు