ద్రాక్ష మోడు

బాపూ, బిడ్డ రుచిత దండాలు. మంచిగున్న, రంది పడకు.

జర్మనీలో నేను పని నేర్చుకునే తోటలో మొన్న ఒక ముసలి ద్రాక్షతీగను మన చెరకు లెక్క నేలమట్టంగ నరికిన, మంచిగ చిగురిస్తదని. యజమానురాలు తల పట్టుకున్నది. నూరేండ్లకు ముందు వేరుపురుగు పట్టి ఈ లోయ తోటలన్నీ చచ్చినయట. పురుగును తట్టుకునే అడవితీగ వేరు మీద ఇక్కడి రైతులు తమ ద్రాక్ష కొమ్మను అంటుగట్టి మళ్ల లేపిండ్రట. నేను ఆ అంటుకు కిందనే నరికిన. ఇగ అడవితీగనే వస్తది.

"ఇంటికి పోతవా?" అన్నది యజమానురాలు.

"పోను. అంటు కట్టుడు చూపియ్యి, ఆ మోడు మీద నేనే కడుత" అన్న.

కత్తి మళ్ల నా చేతికే ఇచ్చింది.

అవ్వ మోకాళ్లకు నూనె రాస్తున్నరా? పెరట్ల పుల్లమామిడిని అన్న కొట్టేస్తనంటుండట కదా. నేనొచ్చి దాని మీద తియ్యమామిడి అంటుగడుత. అందరికి దండాలు. గొడ్డలి మాత్రం దాచిపెట్టు.