ట్యాంకు అడుగున ఒక్క ఫోటో

ఫిల్మ్ నగర్

ఒరేయ్ విహారీ,

నువ్వు పంపిన రెండో కెమెరాలోకి కూడా నీళ్ళు పోయాయి. ఈ పార్సిల్లో తిరిగి పంపిస్తున్నా, చూసుకో. పెట్టె మీద రాసింది చదవకుండా షాపులో ఎలా అమ్ముతున్నావురా? అది వాన చినుకుల వరకే తట్టుకుంటుందట. నేను దూకేది స్టూడియోలో ఐదు మీటర్ల లోతు ట్యాంకులోకి! జూమ్ ఎంత, రంగు ఏది అని అడుగుతావు గానీ, ఎంత లోతుకి అని ఒక్కసారైనా అడిగావా? పైగా ఫోన్‌ని కవర్లో పెట్టుకోమని సలహా ఒకటి. నీళ్ళలో ఆ తెర మీద ఎంత నొక్కినా పలకదురా బాబూ.

విడిగా ఏ కవరూ లేకుండా లోతులో పనిచేసేది, కిందపడినా పగలనిది, పెద్ద బటన్ ఉన్నది పంపు. శుక్రవారం రిహార్సల్లో మా ఈత మాస్టారు నీళ్ళ అడుగున నా మొహం కనపడేలా ఒక్క ఫోటో తీస్తానన్నారు. సినిమాలో ఎలాగూ డూపు వీపే చూపిస్తారు.

ఆ ఫోటో అమ్మకి చూపించాలి. హీరోయిన్ బదులు మునిగేది నేనేనని ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. మొన్న టీవీలో, పోయినేడు సినిమాలో నేను మునిగిన సీను చూసి వెంటనే నాకు ఫోన్ చేసింది.

"ఆ పిల్లని చూసైనా కాస్త ధైర్యం నేర్చుకోవే" అంది.

అక్క