బ్యాడ్జికి ఎక్కిన రేడియేషన్

వర్ధన్నపేట,
జూన్ 9, సోమవారం.

బావకు సుకన్య రాయునది. ఇక్కడ నేనూ అత్తమ్మా బాగున్నాం. నువ్వూ బాగున్నావనే అనుకుని నీ ఉత్తరం విప్పాను. చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఆ అడవిలో సిగ్నల్ దొరికే గుట్ట మీద, పదిమంది చుట్టూ ఉండగా స్పీకర్ పెట్టి మాట్లాడతావు నువ్వు. నేను చెప్పాల్సింది పదిమంది వినేది కాదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అత్తమ్మ నడుం నొప్పి తగ్గింది. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల మధ్య జారిపడ్డ మనిషి ఈమేనా అని వాడకట్టంతా ఆశ్చర్యపోతోంది. మొన్నటి వానకు పత్తి గింజలు పెట్టాం, మొలక బాగానే వచ్చింది. నాకు ఒంట్లో నలతగా ఏమీ లేదు. జుట్టు రాలుతోందా అని అడిగావు. రాలుతోంది. నిన్ను చేసుకున్న నాటి నుంచీ రాలుతూనే ఉంది, దానికీ నీ రేడియేషన్‌కూ సంబంధం లేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు అర్థమైనంత రాస్తాను, తప్పైతే దిద్దు. భూమిలో బొగ్గు ఎంత లోతున ఉందో చూడటానికి మీరు బోరులోకి ఒక గొట్టం దింపుతారు. ఆ గొట్టంలో రేడియేషన్ వచ్చే బిళ్ళ ఉంటుంది. పని లేనప్పుడు దాన్ని సీసం డబ్బాలో పెడతారు. మీరంతా ఛాతీ మీద బ్యాడ్జి పెట్టుకోవాలి, మూడు నెలలకోసారి వాటిని పరీక్షకు పంపుతారు. ఈసారి నీ బ్యాడ్జిలో ఏడాది మొత్తానికి దాటకూడనిది మూడు నెలల్లోనే దాటిందట. అందుకని నిన్ను పని నుంచి పక్కన పెట్టి నెత్తురు తీసుకున్నారు. నువ్వేమో కంచం వేరు పెట్టుకున్నావు, పడక వేరు వేసుకున్నావు, ఒంట్లో ఏదో ముదురుతోంది, ఇక ఇంటికే రానని రాశావు. బ్యాడ్జి క్యాంపు దాటి ఎక్కడికీ పోలేదని సంతకం కూడా పెట్టావు. ఆ వాక్యం దగ్గరే నేను ఆగాను.

ఫిబ్రవరిలో సెలవు మీద వచ్చినప్పుడు అది నీ చొక్కా జేబులోనే వచ్చింది కదా బావా. స్టోరులో అప్పజెప్పడం మరిచానని నువ్వే నాలుక కరుచుకున్నావు. అదేమిటని నేను అడిగితే, "ఇది లేంది మమ్ముల ఆ గొట్టం దగ్గరికి రానియ్యరు" అన్నావు. నేను హెల్మెట్ లాంటిదనుకున్నాను. నీ ఉత్తరంలో చదివాకే తెలిసింది, అది ఆపదట, ఎంత తగిలిందో రాసుకుంటుందట. థర్మామీటరు పెట్టుకుంటే జ్వరం తగ్గుతుందనుకున్న మనిషినయ్యాను. అయినా కాపాడని దాన్ని కాపాడేదానిలా గుండె మీద పెట్టమంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఇప్పటికీ నాకు తికమకగానే ఉంది.

ఇక అసలు సంగతి. ఆ సెలవులోనే నువ్వు కేసముద్రం పెళ్లికి పోయిన రోజు అత్తమ్మను వరంగల్‌లో స్కానింగ్ సెంటరుకు తీసుకుపోయాను. నడుం నొప్పికి డాక్టరు ముందే సీటీ స్కాన్ రాసి ఉన్నాడు. అందులో రేడియేషన్ ఉంటుందని నువ్వు చెప్పిందే. ముసలి ప్రాణం, తట్టుకుంటుందో లేదోనని నాకు భయం. పొద్దున బయలుదేరేటప్పుడే నీ చొక్కా జేబులోంచి ఆ బ్యాడ్జి తీసి, చేతిరుమాలులో చుట్టి, అత్తమ్మ నడుముకు చీర లోపల కట్టాను. స్కాన్ చేసే అబ్బాయి ఏముందమ్మా అక్కడ అని అడిగాడు. తాయెత్తు, తీయకూడదు అన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు. సాయంత్రం దాన్ని మళ్లీ నీ జేబులో పెట్టేశాను. నీకు చెప్పలేదు, చెబితే నవ్వుతావని.

మూడు రోజులు అన్నం సయించలేదు. చెబితే నువ్వు అబద్ధపు సంతకం పెట్టినట్టు బయటపడుతుంది, కొలువు పోవచ్చు. చెప్పకపోతే లేని జబ్బుతో కుమిలిపోతావు. ఎటు తేల్చుకోవాలో తెలియక చివరికి అత్తమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె, "కొలువు పోతే కూలికన్న పోతడు బిడ్డా. వాడు అక్కడ సావు లెక్కవెట్టుకుంట కూసుంటే ఎట్ల? రాయి" అంది.

మొన్న శనివారం స్కాన్ ఫిల్ములు పట్టుకుని ఆ స్కానింగ్ సెంటరుకే పోయాను. డాక్టరమ్మ ఒక ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపింది. అత్తమ్మ నడుం పక్కన అగ్గిపెట్టెలా తెల్లటి మచ్చ ఉంది. అదే నీ బ్యాడ్జి. బ్యాడ్జిలో ఆ లెక్క స్కాన్‌లోనే ఎక్కి ఉంటుందని ఆమె అంది. మరి మా అత్తమ్మకో అని నేను ఏడిస్తే, స్కాన్‌కు వచ్చినవాళ్లందరికీ అంతే తగులుతుంది, ఫికర్ చేయొద్దని చెప్పింది. బ్యాడ్జి మీద ఎక్కితే నీకు రోగం, అత్తమ్మకు తగిలితే వైద్యం. ఇది మాత్రం నువ్వు వచ్చి కూర్చోబెట్టి చెబితేగానీ నా బుర్రకెక్కదు.

ఇప్పుడు కోపం తెచ్చుకో. ఈ పొద్దున ఆ ఫిల్మునూ, తేదీ ఉన్న స్కాన్ చీటీనీ, జరిగిందంతా రాసిన కాగితాన్నీ మీ ఆఫీసరు పేరుకు రిజిస్టరు పోస్టు చేశాను. బ్యాడ్జి ఇంటికి వచ్చిందని కూడా రాశాను. నిన్ను అడిగితే వద్దంటావు, నీ ఉద్యోగం గురించి ఆలోచిస్తూ నేను మళ్లీ ఆగిపోతాను. అందుకే అడగలేదు. తప్పు నాది, సంతకం నీది. ఏం శిక్ష వేస్తారో ఇద్దరం పడదాం.

నీకేమీ కాలేదు బావా. ఆ రేడియేషన్ మొత్తం తగిలిన మనిషి ఇప్పుడు నా పక్కనే కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందని నన్ను తిడుతూ రెండోసారి అన్నం పెట్టించుకుంటోంది.

ఇట్లు,
నిన్ను భయపెట్టిన నీ మేనమామ బిడ్డ,
సుకన్య.